జి.ఓ. నంబరు 1333 నేర్పే పాఠం

మన ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేవని పెద్దలకు తెలిసిందే. ఆ మద్రాసు ప్రభుత్వం 1950 మార్చి 1న ఎం.ఎస్. 1333 నంబరుతో ఒక ఉత్తర్వు ఇచ్చింది. బొంబాయిలో రమేశ్ థాపర్ గారు నడిపే 'క్రాస్ రోడ్స్' వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని దాని సారాంశం. ఉత్తర్వును గెజిట్‌లో ప్రకటించారు. థాపర్ గారు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. మే 26న కోర్టు దానిని కొట్టివేసింది. పత్రిక పాఠకుడికి చేరడం కూడా వాక్స్వాతంత్ర్యంలో భాగమేనన్నది.

నిషేధం తప్పే. అయినా అది కాగితం మీద ఉంది. నంబరు, తేదీ, సెక్షను ఉన్నాయి కనుకనే మూడు నెలల్లోపు రద్దయింది.

తరువాత ఫోన్ల సంగతి వచ్చింది. హోం కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఉంటేనే ఇతరుల ఫోన్ వినాలని, రెండు నెలలలోపు దానిని సమీక్షించాలని 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్‌ల కాలం. ఐ.టి. చట్టం 69ఎ సెక్షను కింద ఇంటర్నెట్టులోని రాతలను జనానికి కనబడకుండా ఆపమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. 2009 నాటి నిబంధనల్లో 16వది ఆ ఫిర్యాదులను, చర్యలను రహస్యంగా ఉంచమంటుంది. కారణాలు రాసి ఉంచాలి గనుక కోర్టులో సవాలు చేయవచ్చంటూ 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షనును నిలబెట్టింది. కానీ కంటితో చూడని ఉత్తర్వుపై ఏమని అప్పీలు రాసుకుంటాం?

సర్వీసులో ఒక ఇంక్రిమెంటు ఆపాలన్నా ముందు మెమో ఇచ్చి సంజాయిషీ అడిగేవాళ్లం. ఉత్తర్వు నకలు చేతికిచ్చి సంతకం తీసుకునేవాళ్లం. దేశభద్రతకు కొంత రహస్యం అవసరమే, కాదనను. కానీ మాట ఆపించుకున్న మనిషికి నకలైనా అందాలి కదా!

మొన్న మన పింఛనుదారుల వాట్సాప్ గ్రూపులో డి.ఏ. బకాయిల గురించి రాయమంటే ఒక మిత్రుడు, "ఎవరు చూస్తారో, మనకెందుకయ్యా" అన్నారు. ఆయనకు నేను చెప్పింది ఇదే. మన రాష్ట్ర బి.సి. కమిషనుకు అధ్యక్షులుగా చేసిన జస్టిస్ పుట్టస్వామి గారు 86 ఏళ్ల వయసులో, 2012లో కేసు వేశారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చారు. ఆయనా రిటైరైనవారే.

మర్యాదగా రాద్దాం, పేరు పెట్టి రాద్దాం. ఎవరైనా ఆపితే నకలు అడుగుదాం.