సూదుల బొమ్మ, చిల్లంగి మాట

మా నరసన్నపేట వైపు పెద్దవాళ్లు పిల్లల ముందు గట్టిగా పలకని మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది చిల్లంగి. మిగతా చోట్ల చేతబడి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మాత్రం చిల్లంగే. దువ్వెనలో ఊడిన జుట్టు గుమ్మం ముందు పారేయకూడదు, కత్తిరించిన గోళ్లు ఎవరికీ దొరకకూడదు, చంటిపిల్లల గుడ్డలు పొద్దుపోయాక బయట ఆరకూడదు. ఇవన్నీ మీరూ విని ఉంటారు. ఎందుకని అడిగితే "ఊరుకో" అనడమే జవాబు.

అందుకే గత డిసెంబరులో హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి, "అమ్మా, న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నాం కదా, అక్కడ వూడూ బొమ్మ చేయడం నేర్పుతారట, నీ పేరూ నా పేరూ ఇచ్చాను" అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. మా అల్లుడు, "అత్తయ్యా, మీకు ఇష్టం లేకపోతే మానేద్దాం" అన్నాడు. నాకు ఇష్టం లేక కాదు, చూడాలనే ఉంది. ఆరు గంటల కారు ప్రయాణం చేసి వెళ్లాం.

అదొక చిన్న గది. పొడుగాటి బల్ల చుట్టూ పదిమందిమి కూర్చున్నాం. అందులో ఎనిమిదిమంది ఆడవాళ్లే. బల్ల మీద పుల్లలు, రంగు గుడ్డ పీలికలు, బొత్తాలు, ఈకలు, నూలు ఉండలు, ఇంకా అక్కడి చెట్లకి గడ్డాల్లా వేలాడే బూడిదరంగు నాచు ఉన్నాయి. రెండు పుల్లల్ని శిలువలా అడ్డంగా పెట్టి దారంతో బిగించాలి. దాని చుట్టూ నాచు చుట్టాలి. ఆ నాచు మీద గుడ్డ చుడితే ఒళ్లు తయారవుతుంది. తలకి చిన్న ఉండ, కళ్లకి బొత్తాలు. సగం అయ్యేసరికి నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పాత చీర అంచులతో చేసి ఇచ్చిన గుడ్డబొమ్మ ఇదే కదా! లోపల నాచుకి బదులు దూది ఉండేది, అంతే తేడా.

నేర్పే ఆవిడ చివర్లో తలా మూడు గుండుసూదులు ఇచ్చింది. గదిలో అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మీకు కావలసింది ఒక చీటీ మీద రాసి దాన్ని బొమ్మకి గుచ్చండి. సూది చీటీని నిలబెట్టడానికి, మనిషిని పొడవడానికి కాదు" అంది. మా అమ్మాయి తన చంటిదాని ఆరోగ్యం గురించి రాసింది. నేను మా అత్తగారి మోకాళ్ల గురించి రాశాను.

తిరిగొచ్చాక రెండు నెలలపాటు ఈ బొమ్మ వెనక కథ ఏమిటా అని దొరికినవన్నీ చదివాను. చదివేకొద్దీ తేలింది ఏమిటంటే, సూదులు గుచ్చిన బొమ్మకీ వూడూ అనే మతానికీ చుట్టరికం చాలా దూరం. ఆ బొమ్మని వేరేవాళ్లు తెచ్చి వీళ్ల చేతిలో పెట్టారు.

పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పుడు బెనిన్ అంటున్న దేశంలో, ఫాన్ అనే భాష ఉంది. ఆ భాషలో వోదున్ అంటే దేవత, శక్తి. మన గ్రామదేవతల్లాగే నీటికో అమ్మ, దారికో దేవుడు. అక్కడినుంచి జనాన్ని బానిసలుగా ఓడల్లో ఎక్కించి, చెరకు తోటల్లో పనికి కరీబియన్ దీవులకి తీసుకుపోయారు. వాళ్లతోపాటు వాళ్ల దేవతలూ వెళ్లారు. హైతీలో 1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు బ్వా కైమాన్ అనే చోట జరిగిన వూడూ పూజతో మొదలైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1804లో హైతీ స్వతంత్ర దేశమైంది. బానిసలు గెలిచి కట్టుకున్న దేశమంటే చుట్టుపక్కల బానిసల యజమానులకి ఎంత భయం ఉండి ఉంటుందో ఊహించండి. వాళ్ల మతం పేరే ఆ భయానికి పేరైంది.

ఆ గొడవల్లో హైతీ వదిలి క్యూబా చేరినవాళ్లలో 9 వేలమందికి పైగా 1809, 1810లలో న్యూ ఆర్లీన్స్ వచ్చి పడ్డారు. దాంతో ఊరి జనాభా దాదాపు రెట్టింపైంది. అక్కడి వూడూకి బలం వచ్చింది అప్పుడే. ఆ కథలో అందరూ చెప్పే పేరు మేరీ లావో. 1801లో పుట్టింది, 1881లో పోయింది. బానిస కాని నల్లజాతి స్త్రీ. డబ్బున్న తెల్లవాళ్ల ఇళ్లకి వెళ్లి జుట్టు అలంకరించేదని చెబుతారు. జుట్టు దువ్వించుకుంటూ ఆడవాళ్లు ఎన్ని చెప్పుకుంటారో మనకి తెలియనిదా! పచ్చజ్వరం వచ్చినప్పుడు రోగులకి సేవ చేసిందని పేరు. ఆవిడది అని చెప్పే సమాధి మీద కోరికలు తీరాలని జనం గీతలు గీసి గీసి పాడుచేశారు. 2015 నుంచి గైడు వెంట లేకుండా ఆ శ్మశానంలోకి ఎవరినీ వెళ్లనివ్వడం లేదు.

మరి సూదుల బొమ్మ ఎక్కడిది? పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక మట్టిబొమ్మ ఉంది. ఈజిప్టులో దొరికింది, సుమారు 1700 ఏళ్ల నాటిది. చేతులు వెనక్కి కట్టేసిన ఆడమనిషి బొమ్మ, ఒంటినిండా 13 సూదులు. దాంతోపాటు దొరికిన సీసపు రేకు మీద ఒక మగాడి కోరిక రాసి ఉంది. ఫలానా ఆవిడ తన దగ్గరికి వచ్చేదాకా తిండి తినకూడదు, నీళ్లు తాగకూడదు అని! దాన్ని ప్రేమ మంత్రం అంటున్నారు. నాకైతే చదువుతుంటే ఒళ్లు మండింది.

యూరప్‌లో మైనపు బొమ్మల మీద భయం శతాబ్దాలపాటు ఉంది. ఆ భయం ఓడెక్కి అమెరికా కూడా వెళ్లింది. మసాచుసెట్స్‌లోని సేలంలో 1692లో మంత్రగత్తెలన్న పేరుతో 19 మందిని ఉరితీశారు. అందులో 14 మంది ఆడవాళ్లు. అందరికంటే ముందు, జూన్ 10న, ఉరితీసింది బ్రిడ్జెట్ బిషప్ అనే ఆవిడని. ఆవిడ ఒకప్పుడు ఉన్న ఇంటి నేలమాళిగ గోడ కన్నాల్లో గుడ్డపీలికలతో చేసిన బొమ్మలు, వాటికి తలలేని గుండుసూదులు దొరికాయని ఇద్దరు పనివాళ్లు సాక్ష్యం చెప్పారు. ఆ ఊరి తెల్లవాళ్ల కోర్టులో, తెల్లావిడ మీద మోపిన నేరం అది. వూడూ పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు.

ఆఫ్రికాలోనూ మేకులు దిగ్గొట్టిన కొయ్యబొమ్మలు లేకపోలేదు. కాంగో ప్రాంతంలో న్కిసి న్కొండి అంటారు. కానీ అక్కడ మేకు అంటే ఒట్టు. ఇద్దరు తగువు తీర్చుకుని మాట ఇచ్చుకుంటే బొమ్మకి ఒక మేకు కొట్టేవారు. మాట తప్పినవాడిని ఆ బొమ్మ చూసుకుంటుందని నమ్మకం. మన దగ్గర గుడి ముందు దీపం ఆర్పి ప్రమాణం చేయించినట్టే అనుకోండి.

వూడూకి సూదుల బొమ్మని అతికించినవాళ్లు పుస్తకాలవాళ్లు, సినిమావాళ్లు. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని తన చేతిలో పెట్టుకుంది. ఆ రోజుల్లోనే 1929లో విలియం సీబ్రూక్ హైతీ గురించి ఒక పుస్తకం రాశాడు. 1932లో 'వైట్ జాంబీ' సినిమా వచ్చింది. అందులో మాంత్రికుడు కొవ్వొత్తిని బొమ్మగా చెక్కి, ఒక అమ్మాయి మెడగుడ్డ దానికి చుట్టి, మంటలో పెడతాడు. అలాంటి సినిమాలు చూసీ చూసీ జనానికి వూడూ అంటే బొమ్మ, బొమ్మ అంటే సూది అయిపోయింది. ఇప్పుడు న్యూ ఆర్లీన్స్ దుకాణాల్లో తాళంచెవి గొలుసుకి కూడా ఆ బొమ్మే.

మనమేమీ తక్కువ తినలేదు. అథర్వవేదం పదో కాండ మొదటి సూక్తం కృత్య గురించే. కృత్య అంటే కీడు కోసం చేతులతో చేసిన బొమ్మ. తల, ముక్కు, చెవులు పెట్టి, పెళ్లికూతుర్ని చేసినట్టు చేశారని అందులో పోలిక. చేసినవాడి దగ్గరికే దాన్ని తిప్పి పంపడం ఆ సూక్తం పని. మనుస్మృతిలో అభిచారానికి శిక్ష 200 పణాల జరిమానా. కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ మనదే. నాయకుడి మీద కోపమొస్తే నాలుగు రోడ్ల కూడలిలో తగలబెట్టేదాన్నీ దిష్టిబొమ్మ అనే అంటాం! పోలిక ఉన్నదానికి చేసింది అసలుకి తగులుతుందని, ఒకసారి ఒంటిని అంటినవి (జుట్టు, గోళ్లు, గుడ్డ) దూరమైనా ఆ మనిషితో తెగవని అన్ని దేశాలవాళ్లూ నమ్మారని 1890లో జేమ్స్ ఫ్రేజర్ రాశాడు. మా అమ్మమ్మ ఆ పుస్తకం చదవకుండానే దువ్వెన జుట్టు పొయ్యిలో వేసేది.

ఇంతవరకూ చదవడానికి సరదాగానే ఉంది. ఆ బొమ్మ నా పెట్టెలో నరసన్నపేట వచ్చాక జరిగింది చెబుతాను.

దాన్ని హాల్లో అద్దాల బీరువాలో ఏటికొప్పాక లక్కబొమ్మల పక్కన పెట్టాను. మర్నాడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తుడుస్తూ చూసింది. "అమ్మా, అదేటమ్మా, సూదులున్నాయి?" అంది. చెప్పాను. తల ఊపింది కానీ ఆ బీరువా జోలికి మళ్లీ వెళ్లలేదు. సాయంత్రానికి వెనక వీధి పిన్నిగారు ఫోన్ చేసి, "మీ ఇంట్లో ఏదో బొమ్మ ఉందట కదమ్మా" అని అడిగారు. మూడో రోజుకి మా అత్తగారి చెవిన పడింది. "వంశధారలో కలిపీసి రా అమ్మా, నా మోకాళ్లకి మందులున్నాయిలే" అన్నారావిడ.

నేను పిన్నిగారిని, పనమ్మాయిని, ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి బొమ్మ చేతికిచ్చాను. చీటీ విప్పి చదివాను. మోకాళ్ల సంగతి విని అందరూ నవ్వారు. అక్కడితో ఆగిపోయింది. ఎందుకాగింది? మాకు పక్కా ఇల్లుంది, బజారులో దుకాణం ఉంది, అమెరికాలో కూతురుంది. నేను చెబితే వినడానికి నలుగురు మా ఇంటికి వస్తారు. అదే బొమ్మ ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ దగ్గర దొరికి ఉంటే? అదే వారం ఆ వీధిలో ఓ బిడ్డకి జ్వరం వచ్చి తగ్గకుండా ఉంటే?

ఇది ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో కొట్టి చంపిన వార్తలు, మంత్రం నోట పలక్కుండా పళ్లు పీకిన వార్తలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. దేశంలో జరిగే హత్యల కారణాల్లో మంత్రగత్తె అన్న అనుమానానికి జాతీయ నేర గణాంకాల్లో ఒక వరుసే ఉంది. మన పక్కనున్న ఒడిశా 2013లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసుకోవాల్సి వచ్చింది. హైతీలో 2010 చివర్లో కలరా వచ్చినప్పుడు వూడూ పూజారులే వ్యాపింపజేస్తున్నారని కనీసం 45 మందిని జనం చంపేశారు. ఆ కలరా ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం నుంచి నదిలో కలిసిన మురుగుతో వచ్చింది. జబ్బు ఎందుకొచ్చిందో తెలియనప్పుడు మనిషికి ఒక పేరు కావాలి. ఆ పేరు ఎప్పుడూ తిరిగి మాట్లాడలేనివాళ్లదే అవుతుంది. బొమ్మ ఎవరినీ చంపలేదు. చంపింది మనిషికి తగిలించిన ఆ మాట.

మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక మంత్రసాని ఉండేదని అమ్మ చెప్పేది. భర్త లేడు. ఊళ్లో సగంమంది పిల్లల బొడ్డు కోసింది ఆవిడే. ఒక ఏడాది వరసగా రెండు కాన్పుల్లో బిడ్డలు దక్కలేదు. అంతే, ఆవిడ చూపు మంచిది కాదన్నారు, చెయ్యి మంచిది కాదన్నారు. నూతి దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఒకరోజు మూట కట్టుకుని కూతురి ఊరు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఊళ్లో కాన్పులకి ఎవరూ దొరక్క ఎన్ని ఇబ్బందులు పడ్డారో కూడా అమ్మ చెప్పేది.

సేలంలో ఉరితీసిన బ్రిడ్జెట్ బిషప్‌ది తప్పు లేదని, ఆవిడ పేరు పెట్టి, మసాచుసెట్స్ ప్రభుత్వం 2001లో చట్టం చేసింది. 309 ఏళ్లు పట్టింది. అది చదివిన రోజు అమ్మకి ఫోన్ చేసి మంత్రసాని పేరేమిటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఇంటి ఆనవాలు చెప్పింది, ఆవిడ కట్టుకునే చీర రంగు చెప్పింది, కూతురిది ఏ ఊరో చెప్పింది. పేరు మాత్రం రాలేదు.

"చిల్లంగిది అనేవాళ్లమే గుంటా, పేరు ఎవరూ అననేదు" అంది.