సారా వ్యతిరేక ఉద్యమం - ప్రాంతీయ, వర్గ భేదాలు

సారా వ్యతిరేక ఉద్యమం 1992లో నెల్లూరు జిల్లాలోని వ్యవసాయ కూలీ మహిళలు ప్రారంభించిన సంఘ సంస్కరణోద్యమం. ఇది కొద్ది నెలలలోనే ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించింది. అయితే దీనికి అన్ని ప్రాంతాలలోను, అన్ని వర్గాలలోను ఒకే విధమైన మద్దతు లభించలేదు. సారా తాగేవారెవరు, దానివల్ల ఆదాయం పొందేవారెవరు అనే రెండు అంశాలపై ఈ మద్దతు ప్రధానంగా ఆధారపడింది.

పూర్వరంగం

రాయలసీమకు మద్యనిషేధం కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని చక్రవర్తి రాజగోపాలాచారి 1937లో సేలం జిల్లాలో నిషేధం ప్రవేశపెట్టి, 1938లో దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేశాడు. అప్పట్లో కడప జిల్లాలో తాలూకా కేంద్రమైన రాయచోటి (2022లో కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరింది) ఆ విధంగా దేశంలో తొలుత నిషేధం అమలైన ప్రాంతాలలో ఒకటి అయింది. 1948 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. నిజాం పాలనలోని తెలంగాణలో అటువంటి నిషేధం లేదు.

ఈ తొలి నిషేధం ప్రభుత్వం పైనుండి విధించినది. కల్లు గీతపై ఆధారపడినవారికి ఇది జీవనోపాధి సమస్య అయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం సమస్యపైనే శాసనసభలో ఓడిపోయింది. శ్రామికులలోనే ఒక వర్గానికి మేలనిపించినది మరొక వర్గానికి కీడు కావచ్చునని ఈ ఘటన తెలుపుతుంది.

1960వ దశకం చివరలో నిషేధం సడలిన తరువాత సారా వేలం పాటలు ప్రభుత్వానికి ముఖ్య ఆదాయ వనరుగా మారాయి. 1980వ దశకంలో వారుణి వాహిని పథకం ద్వారా ప్లాస్టిక్ సంచులలో సారా పల్లెపల్లెకు చేరింది. 1970-71లో 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది.

వర్గాలవారీగా మద్దతు

ఉద్యమంలో ముందు నిలిచినవారు దళిత, వెనుకబడిన కులాల కూలీ మహిళలు. భర్త కూలి డబ్బు సారా దుకాణంలో ఖర్చయితే ఇంట్లో పొయ్యి వెలగని స్థితి వారిది. చీపుళ్ళు పట్టి దుకాణాలు మూయించినది వీరే. కలిగిరి మండలం దూబగుంటకు చెందిన వర్ధినేని రోశమ్మ (మరణం 2016) ఈ ఉద్యమానికి ప్రతీకగా పేరుపొందింది.

పట్టణ మధ్యతరగతి, పత్రికలు, ప్రతిపక్షాలు తరువాత కలిసివచ్చాయి. వీరి మద్దతు వలన ఉద్యమం రాష్ట్ర సమస్య అయింది. అయితే ఈ వర్గాలలో తాగేవారికి అలవాటైనది సారా కాదు, విదేశీ తరహా మద్యం. అందువలన సారా నిషేధానికి అందరూ అంగీకరించినా, సంపూర్ణ నిషేధం విషయంలో ఏకాభిప్రాయం నిలవలేదు. గుత్తేదారులు, వారిని ఆశ్రయించిన స్థానిక నాయకులు ఉద్యమాన్ని మొదటినుండి వ్యతిరేకించారు.

ప్రాంతాలవారీగా మద్దతు

నెల్లూరు: సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం ఇక్కడి మహిళలను రాత్రి బడులలో ఒకచోట చేర్చింది. వాచకంలోని సీతమ్మ కథ వారి చర్చకు ఆధారమైంది. ఒత్తిడి వలన జిల్లాలో వేలం పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి.

రాయలసీమ: నెల్లూరు తరువాత ఉద్యమం త్వరగా అందుకొన్నవి చిత్తూరు, కర్నూలు జిల్లాలు. వాన ఆధారమైన మెట్ట సేద్యంలో పని దొరికే రోజులు తక్కువ గనుక, కూలి డబ్బు పోవడం ఇక్కడి కుటుంబాలకు మరింత భారం. కాని ముఠా కక్షలున్న గ్రామాలలో దుకాణం ఒక నాయకుని అనుచరుల చేతిలో ఉంటే, దానిని మూయించడం ఎదుటి ముఠాకు సహాయపడటంగా పరిగణింపబడే ప్రమాదం ఉండేది.

తెలంగాణ: ఉత్తర తెలంగాణలో పీపుల్స్ వార్ అంతకు ముందే సారాను నిషేధించింది. ఇక్కడ కల్లు పండుగలలోను, ఆచారాలలోను భాగం. పెద్దసంఖ్యలో గౌడ కుటుంబాలకు అది జీవనాధారం. కనుక సారాపై వ్యతిరేకత కల్లుకు అంతగా విస్తరించలేదు.

పర్యవసానం

కర్నూలు జిల్లాకు చెందిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో అధికారానికి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలుపరచింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది.

కూలీ మహిళలు మొదట కోరిన సారా దుకాణాల మూసివేత ఈ విధంగా చట్టంలో నిలిచింది. కాని నాటుసారా, చౌక మద్యం ఆ స్థానాన్ని ఆక్రమించడంతో, వారు ఏ కూలి డబ్బు కోసం పోరాడారో అది మళ్ళీ మద్యానికే మళ్ళింది.