అంతర్లింగ ఆంఫిపాడ్లు: నింద కాలుష్యానిదా, పరాన్నజీవిదా?

స్కాట్లాండ్, దక్షిణ ఇంగ్లండ్ తీరాల్లో ఆటుపోటు వెనక్కి తగ్గినప్పుడు నాచు కప్పిన రాయిని పైకెత్తితే, కింది తడిలో పక్కకు ఒరిగి కొట్టుకునే చిన్న జీవులు గుంపులుగా కనిపిస్తాయి. ఇవి రొయ్యలూ పీతలూ చేరే క్రస్టేషియా విభాగానికి చెందిన ఆంఫిపాడ్లు. శాస్త్రనామం ఎకినోగమారస్ మారినస్. పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. ఆడదాని కాళ్ల మొదళ్ల దగ్గర గుడ్లను పొదువుకునే పలుచని పలకలుంటాయి. మగదానికి అవి ఉండవు; కడుపు వైపున ఒక జత జననాంగ మొనలుంటాయి. కొన్ని జీవుల్లో ఈ మొనలతోపాటు పలకల మొలకలు కూడా కనిపిస్తాయి. అంతర్లింగ స్థితి అంటే ఇదే. బార్నకిల్స్‌లో చాలా జాతులకు సహజమైన ఉభయలైంగికతతో దీన్ని కలపకూడదు.

స్కాట్లాండ్ తీరంలో పరిశ్రమల కాలుష్యం ఉన్న చోట్ల ఇలాంటి జీవుల శాతం ఎక్కువగా ఉందని శాస్త్రవేత్త అలెక్స్ ఫోర్డ్ బృందం 2004లో ప్రకటించింది. వెంటనే కాలుష్యం మీద అనుమానం కలగడానికి బలమైన కారణమే ఉంది. ఒకప్పుడు పడవల అడుగుకు పూసిన రంగుల్లోని ట్రైబ్యూటైల్ టిన్ వల్ల ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవం మొలుస్తోందని అప్పటికే తేలింది. చిన్న పడవలకు ఆ రంగు వాడకుండా ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో ఆంక్షలు పెట్టాయి. నత్తల విషయంలో దోషి ఒక్కటే, రుజువూ స్పష్టం. ఆంఫిపాడ్ కథ అంత సూటిగా లేదు.

దాని లింగ నిర్మాణం చూస్తే కారణం తెలుస్తుంది. ఈ జీవుల్లో మగతనాన్ని నడిపేది ఆండ్రోజెనిక్ గ్రంథి. దాన్ని 1954లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్నియో-కొటోన్ ఆర్కెస్టియా అనే మరో ఆంఫిపాడ్‌లో కనుగొన్నారు. ఆ గ్రంథిని ఆడదానిలో అమర్చితే మగ లక్షణాలు వస్తాయి. గ్రంథి పనిచేయని చోట శరీరం ఆడ దారి పడుతుంది. మన రైతులు పెంచే నీలకంఠ రొయ్యలోనూ ఏర్పాటు ఇదే. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఆ గ్రంథి హార్మోను జన్యువును అణచి మగ పిల్లలను ఆడవాటిగా మార్చారు. వాటికి పుట్టే సంతానమంతా మగదే.

ఈ గ్రంథి పనికి అడ్డుపడే శక్తి రసాయనాలకే కాదు, పరాన్నజీవులకూ ఉంది. మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మజీవుల్లో కొన్ని తల్లి గుడ్డు ద్వారానే పిల్లలకు చేరతాయి. వీర్యకణంలో వాటికి చోటు లేదు కాబట్టి మగ పిల్లలో పడ్డది అక్కడితో అంతమైపోతుంది. మగవాటిని ఆడవాటిగా మార్చగలిగితేనే వాటి వంశం నిలుస్తుంది. ఆ మార్పు సగంలో ఆగిన చోట అంతర్లింగ జీవి మిగులుతుంది. భీమవరం, నెల్లూరు చెరువుల్లో రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ కూడా మైక్రోస్పోరిడియానే. అయితే అది లింగం జోలికి పోదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ ఆంఫిపాడ్‌లో మైక్రోస్పోరిడియాతోపాటు పారామిక్సియా అనే వేరే పరాన్నజీవి కూడా చేరి ఉంటుందని 2012లో ఒక అధ్యయనం చూపింది. ఏళ్ల తరబడి మైక్రోస్పోరిడియా మీద మోపిన నేరం నిజానికి రెండోదానిది కావచ్చని అది ప్రశ్నించింది. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన అతి విలువైన ప్రశ్న ఇదే. నిందితుణ్ణి మార్చి చూడమన్న అదే నియమం కాలుష్యానికీ వర్తిస్తుంది. మురికి తీరంలో అంతర్లింగ జీవులను లెక్కపెట్టి, ఒక్కదానినైనా కోసి పరాన్నజీవి కోసం వెతకకుండా ఫ్యాక్టరీ వైపు వేలు చూపడం శాస్త్రం కాదు.

కొలబద్ద విషయంలోనూ పొరపాటు జరుగుతోంది. ఇంగ్లండ్ నదుల్లో మురుగుశుద్ధి కేంద్రాల దిగువన మగ రోచ్ చేపల్లో అండకణాలు కనబడ్డప్పుడు, గుడ్డుసొన ప్రోటీన్ అయిన విటెల్లోజెనిన్ మగచేప రక్తంలో ఉందంటే ఈస్ట్రోజెన్ ప్రభావానికి గుర్తుగా తీసుకున్నారు. క్రస్టేషియన్ల హార్మోను వ్యవస్థ వేరు. చేపకు సరిపోయిన పరీక్షను వీటి మీద రుద్ది, ఫలితం రాలేదు కాబట్టి నీరు శుభ్రమని తేల్చడం ప్రమాదకరం.

అలాగని పరాన్నజీవి దొరికినంత మాత్రాన కాలుష్యానికి విముక్తి రాదు. కాలుష్య తీరాల మగ ఆంఫిపాడ్లలో వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉందని ఫోర్డ్ సహచరులతో కలిసి 2008లో చూపారు. పైకి కనిపించే పలకలనే లెక్కపెడితే ఇలాంటి నష్టం అసలు నమోదే కాదు. అందుకే ప్రతి తీరం నుంచి తెచ్చిన నమూనాలో బాహ్య లక్షణాలు, పరాన్నజీవి ఉనికి, వీర్యకణాల సంఖ్య మూడూ ఒకే జీవిలో కలిపి నమోదు చేయాలి. పరాన్నజీవి లేని తల్లుల పిల్లలను కాలుష్య తీరపు మట్టిలోనూ శుభ్రమైన మట్టిలోనూ పెంచి పోల్చాలి. తొలి గుంపు మగవాటిలోనే పలకలు మొలిస్తే రసాయనం మీద నేరం నిలబడుతుంది.