భాగం - 7 : యాప్ తెరను పరిశీలించే సాధనాలు - చారిత్రక పరిణామం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- యాప్ తెరను పరిశీలించే సాధనాలు ఎవరి అవసరం నుంచి పుట్టాయో వివరించగలుగుతారు.
- కృత్రిమ మేధ ఏజెంట్లు వాటిని ఎలా వాడుకుంటున్నాయో చెప్పగలుగుతారు.
- ఆ సాధనాల వివరణ పత్రాలకు ఉన్న ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.

7.1 పరిచయం

మీ ఫోన్‌లో ఏదైనా యాప్ తెరవండి. మీకు రంగులు, బొమ్మలు, బటన్లు కనిపిస్తాయి. ఇప్పుడు అదే యాప్‌ను ఒక కృత్రిమ మేధ ఏజెంట్ తెరిచిందనుకోండి. ఏజెంట్ అంటే మనం అప్పగించిన పనిని దశలవారీగా తానే చేసిపెట్టే ప్రోగ్రామ్. దానికి తెర ఫొటో అందవచ్చు. చాలా సందర్భాల్లో దానితోపాటు తెరలోని అంశాల జాబితా కూడా అందుతుంది: ఇది బటన్, దీని పేరు ఇది, తెరపై ఈ చోట ఉంది అని. ఈ జాబితా కొమ్మలు, ఉపకొమ్మలుగా సాగుతుంది కనుక దీనిని 'చెట్టు' అంటారు. ఈ చెట్టును మొదట నాటింది ఏజెంట్ల కోసం కాదు, చూపు లేనివారి కోసం. ఆ చరిత్రను ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 రాసిపెట్టే అలవాటు

1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే యంత్రంలోని ఒక రిలేలో చిమ్మట చిక్కుకుంది. అక్కడి సిబ్బంది దానిని తీసి, తమ దినచర్య పుస్తకంలో అతికించి, ఏ రిలేలో ఎన్ని గంటలకు దొరికిందో పక్కన రాశారు. యంత్ర లోపాన్ని 'బగ్' అనడం అంతకుముందే ఉంది; 19వ శతాబ్దంలోనే ఎడిసన్ తన లేఖలో ఆ మాట వాడాడు. ఇక్కడ మీరు గమనించవలసింది ఆ నమోదును. లోపాన్ని కనుక్కోవడం ఒక పని, దానిని మరొకరికి అర్థమయ్యేలా రాసిపెట్టడం మరో పని. రెండోది జరిగినందువల్లనే ఆ సంఘటన మనకు తెలిసింది.

7.3 చూపు లేనివారి కోసం నాటిన చెట్టు

కంప్యూటర్ తెరపై అక్షరాలే ఉన్నంతకాలం వాటిని చదివి వినిపించడం సాధ్యమైంది. బొమ్మల తెరలు వచ్చాక చిక్కు వచ్చింది. బొమ్మను చదివేదెలా? 1989లో మాకింతోష్ కోసం వచ్చిన అవుట్‌స్పోకెన్ ఈ సమస్యకు తొలి పరిష్కారాలలో ఒకటి. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీని తెచ్చింది. ప్రతి బటన్ తన పేరును, రకాన్ని, స్థితిని తానే ప్రకటించుకోవాలన్నది దీనిలోని ఆలోచన. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్ 1.6లో టాక్‌బ్యాక్ రావడంతో ఈ పద్ధతి చేతిలోని ఫోన్‌కు చేరింది.

7.4 పరీక్షకుల నుంచి ఏజెంట్ల వరకు

యాప్‌లను పరీక్షించేవారు ఈ చెట్టు తమకూ పనికివస్తుందని గుర్తించారు. 2012లో ఆండ్రాయిడ్‌లో వచ్చిన యూఐ ఆటోమేటర్ ఒక ఆదేశంతో తెర మొత్తాన్ని ఎక్స్ఎంఎల్ ఫైలుగా రాసిపెడుతుంది. 2015లో యాపిల్ ఎక్స్‌కోడ్ 7లో ఇటువంటి సదుపాయాన్నే కల్పించింది. 2024లో వెలువడిన ఆండ్రాయిడ్ వరల్డ్ అనే పరీక్షలో 20 యాప్‌లలో 116 పనులను ఏజెంట్లకు అప్పగించారు. అదే సంవత్సరం నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చింది. ఈ పద్ధతిలో సాధనంతోపాటు దాని వివరణ కూడా ఏజెంట్‌కు అందుతుంది. ఏ సాధనాన్ని ఎప్పుడు వాడాలో ఏజెంట్ ఆ వివరణ చదివే నిర్ణయించుకుంటుంది. కాబట్టి వివరణ పత్రం ఇప్పుడు సాధనంలో ఒక భాగమైంది.

7.5 చెట్టు చెప్పని సంగతులు

చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక్క శాసనాన్నే నమ్మి రాజ్య చరిత్ర రాయరు. దానిని వేయించినవారు ఎవరో, అది దేని గురించి మౌనం వహించిందో చూస్తారు. చెట్టును కూడా అలాగే చదవాలి. దానికి మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది, పేరు పెట్టని బటన్. యాప్ తయారుచేసినవారు పేరు రాయకపోతే చెట్టులో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. రెండవది, ఆటల వంటి యాప్‌లు తెరను తామే గీసుకుంటాయి; అప్పుడు తెర నిండా బటన్లున్నా చెట్టులో ఒకే కొమ్మ కనిపించవచ్చు. మూడవది, కాలం. యూఐ ఆటోమేటర్ తెర నిలకడగా ఉండే వరకు ఆగుతుంది. బొమ్మలు కదులుతూనే ఉంటే ఫైలు ఇవ్వకుండా విఫలం కావచ్చు. ఒక సాధనం ఫైలు ఇచ్చిన తరువాత కూడా తెర మారిపోవచ్చు.

డబ్బు పంపే యాప్‌లో పేరులేని బటన్లు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోండి. చూపు లేని వ్యక్తి, చెట్టు మీదే ఆధారపడిన ఏజెంట్ ఒకే చోట తడబడతారు. తేడా ఒక్కటే: మనిషి ఆగి మరొకరిని అడుగుతాడు, ఏజెంట్ ఊహించి నొక్కేయవచ్చు. అందుకే మంచి వివరణ పత్రం సాధనం ఏమి చూపుతుందో చెప్పి ఊరుకోదు. ఏమి చూపదో, అప్పుడు ఏమి చేయాలో, అంటే తెర ఫొటోతో సరిచూడాలా, పని ఆపి మనిషిని అడగాలా అన్నది కూడా చెబుతుంది.

7.6 సారాంశం

చూపు లేనివారి హక్కుగా మొదలైన ఏర్పాటు పరీక్షకులకు పనిముట్టుగా, ఏజెంట్లకు చూపుగా మారింది. మనదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత వారికి అందుబాటులో ఉండాలని చెబుతోంది. రేపు మీలో ఎవరైనా తెలుగు యాప్ తయారుచేస్తే ప్రతి బటన్‌కూ తెలుగులో పేరు రాయండి. అది ముందుగా ఒక మనిషికి, ఆ తరువాత యంత్రానికి ఉపయోగపడుతుంది.

7.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. తెర చదివి వినిపించే సాధనాల పరిణామాన్ని వివరించండి.
2. తెర చెట్టుకు ఉన్న మూడు పరిమితులను ఉదాహరణలతో చర్చించండి.
3. మీ ఫోన్‌లో వాయిస్‌ఓవర్ లేదా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, మీరు రోజూ వాడే ఒక యాప్‌లో పేరు పలకని బటన్లను నమోదు చేయండి. తేదీ, సమయం రాయడం మరువకండి.