తిరుపతి, చిత్తూరు విద్యార్థులు: అంటువ్యాధుల నివారణ చరిత్ర

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కాలేజీ విద్యార్థికి అంటువ్యాధి సోకితే ఏం చేయాలన్న ప్రశ్నకు వందేళ్ల చరిత్ర ఉంది. రోగిని దూరంగా పంపేయడంతో మొదలై, ఉన్నచోటే ఉంచి చూసుకోవడం వైపు అది మెల్లగా నడిచింది. ఇంకా గమ్యం చేరలేదు.

అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 1915లో రెండు సంస్థలు వెలిశాయి. ఒకటి అనీబిసెంట్ స్థాపించిన థియోసాఫికల్ కాలేజీ. రెండోది ఊరికి కొంచెం దూరాన, ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన క్షయ శానటోరియం. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. ఎత్తైన నేల, పొడిగాలి చూసి ఆ చోటు ఎంచుకున్నారు. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి తిండి, గాలి, వెలుతురు, వీటితోనే వైద్యం. నెలల తరబడి మంచం పట్టి ఉండాల్సిన ఆ జబ్బు కుర్రవాళ్లకు వస్తే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. మందులు వచ్చాక కూడా ఆరోగ్యవరం పరిశోధనలో ముందే ఉంది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు ప్రయోగాత్మకంగా మొదలైంది మదనపల్లెలోనే.

చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చిన 1939 నాటి ప్రజారోగ్య చట్టం అంటువ్యాధి ఉన్న పిల్లలను బడికి పంపకూడదంది. రోగులు గ్రంథాలయ పుస్తకాలు వాడటం మీద కూడా అందులో నిబంధన ఉంది. పుస్తకం గురించి అంత శ్రద్ధ తీసుకున్న చట్టకర్తలు, బడికి రాని రోజుల్లో ఆ విద్యార్థి చదువు ఏమవుతుందో పట్టించుకోలేదు. ఆ లోటు తర్వాత కూడా తీరలేదు.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960లో ఎస్వీ వైద్య కళాశాల, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. వాటితోపాటే హాస్టళ్లూ వచ్చాయి. ఒకే గదిలో ముగ్గురు నలుగురు, ఒకే మెస్, ఒకే నల్లాల వరస. రోజూ వేలమంది యాత్రికులు వచ్చిపోయే ఊరు. ఇలాంటి చోట ఒకరి దగ్గు పదిమందికి పాకడానికి ఎంతోసేపు పట్టదు.

హాస్టల్ పద్ధతి ఎలా ఉంటుందో ఆటలమ్మ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఒంటిమీద నీటిపొక్కులు కనబడగానే ‘అమ్మవారు పోసింది’ అంటారు. వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తారు. తండ్రో అన్నో వచ్చి, దుప్పటి కప్పి, ఆర్టీసీ బస్సులో పలమనేరుకో పుంగనూరుకో తీసుకెళతారు. ఇంట్లో వేపాకు పరిచి, పొక్కులు మానేదాకా వేరుగా ఉంచుతారు. వేరుగా ఉంచడం మంచిదే, తప్పంతా ప్రయాణంలో ఉంది. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ జబ్బు అంటుకుంటుంది, పొక్కులన్నీ పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. అంటే ఇంటికి పంపేసరికే గదిలోని వాళ్లకు సోకి ఉండవచ్చు. వాళ్లకు పది నుంచి ఇరవైఒక్క రోజుల్లో ఎప్పుడైనా బయటపడవచ్చు. ఈలోగా బస్సులోని వాళ్లకూ, ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకూ ముప్పు. హాస్టల్లోనే ఒక గది, దానికో స్నానాలగది కేటాయించి, మెస్ నుంచి పళ్లెం పంపితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

దూరంగా పంపితేనే మేలన్న నమ్మకాన్ని 1959లో మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం కదిలించింది. 193 మంది రోగుల్లో కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంట్లోనే మందులిచ్చి పోల్చి చూశారు. ఇరుకిళ్లలో ఉన్నవాళ్లకు కూడా జబ్బు దాదాపు అంతే బాగా నయమైంది. ఐదేళ్లు గమనించినా వాళ్ల ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా సోకలేదు. జబ్బును ముందే పట్టుకుని మందు సరిగా వేయించడమే అసలు రక్షణ అని తేలింది.

కరోనా కాలంలో విద్యార్థులూ కొత్త ఉద్యోగులూ మొదటి వరసలో నిలిచారు. తిరుపతి టీసీఎల్ కర్మాగారం కోసం క్యాంపస్ నియామకాల్లో ఎంపికై వుహాన్‌లో శిక్షణ పొందుతున్న ఇంజినీర్లు 2020 ఫిబ్రవరి 1న ఎయిరిండియా విమానంలో ఢిల్లీ చేరారు. రాష్ట్రంలో మార్చి 12న బయటపడ్డ తొలి కేసు ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన విద్యార్థిది. రాష్ట్రంలో కరోనా పరీక్షలు మొదట జరిగిన చోట్లలో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఒకటి. మార్చి 19 నుంచి విద్యాసంస్థలు, 20 నుంచి తిరుమల దర్శనాలు ఆగిపోయాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. అందరినీ ఒక్కసారిగా ఇంటికి పంపడమే మళ్లీ మార్గమైంది. ఇటు ఊళ్లో మాత్రం యాత్రికుల వసతి గృహాలను రోగులకోసం వాడారు. తిరుచానూరు పద్మావతి నిలయం, తిరుపతిలో శ్రీనివాసం, విష్ణునివాసం అలా పనికొచ్చాయి. రోగిని ఎక్కడికో పంపకుండా ఊళ్లోనే గది చూపించవచ్చని అవి రుజువు చేశాయి. కాలేజీలు నవంబరు 2 నుంచి విడతలవారీగా తెరుచుకున్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు హాజరు దగ్గరుంది. చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా అనుసరించే జేఎన్టీయూ అనంతపురం నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65 దాటితే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చు. జబ్బు పడ్డందుకు డబ్బు కట్టాల్సి వస్తే, జ్వరంతోనే ల్యాబుకూ ఇంటర్నల్ పరీక్షకూ వచ్చే పిల్లలను తప్పుపట్టలేం. పక్క బెంచీవాళ్లకు జబ్బు అంటడానికి ఆ నిబంధన కూడా కారణమే. ప్రతి హాస్టల్లో కొన్ని గదులు ఖాళీగా ఉంచడం, డాక్టరు వేరుగా ఉండమన్న రోజులను రుసుము లేకుండా హాజరు లెక్కలోంచి తీసేయడం: ఈ రెండూ ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ ఆగకుండా విశ్వవిద్యాలయాలు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.