నెత్తుటిలో నల్లని రేణువు

సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట మీదుగా భద్రాచలం అడవులకు సాగే పల్లెల్లో రక్తపరీక్ష అంటే ముందుగా గుర్తొచ్చేది మలేరియా. చలిజ్వరం తగిలితే వేలికొన గుచ్చి, గాజు పలక మీద చుక్క నెత్తురు పూసి తీసుకెళ్ళడం ఏజెన్సీకి పాత అలవాటే. చర్మ క్యాన్సర్లలో ప్రాణాంతకమైన మెలనోమా కణాలను రక్తంలో పట్టుకునే విద్యకు ఆ గాజు పలకతో దగ్గరి చుట్టరికం ఉంది.

1847లో జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ మెకెల్ ఒక మృతదేహాన్ని పరీక్షిస్తూ రక్తంలోనూ ప్లీహంలోనూ నల్లని రేణువులు చూశాడు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లాంటిదే అదీ అని ఆనాటి వైద్యులు చాలాకాలం నమ్మారు. నిజానికది మలేరియా పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను జీర్ణించుకోగా మిగిలిన వ్యర్థం. 1880లో అల్జీరియాలో వైద్యుడు లావెరాన్ ఆ రేణువులను వెదుకుతూనే పరాన్నజీవిని కనుగొన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో దాన్ని గుర్తుపట్టిందీ ఆ నలుపును బట్టే. అణాకొక దోమ లెక్కన తన ఒంటిమీద దోమలను కుట్టనిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు కూడా రాస్ పేరు పక్కన నిలవదగినదే.

ఈలోగా 1869లో ఆస్ట్రేలియాలో వైద్యుడు థామస్ ఆష్‌వర్త్ మరొకటి చూశాడు. ఛాతీ, పొట్ట మీద చర్మం కింద ఎన్నో గడ్డలతో చనిపోయిన రోగి కాలి సిరలోని రక్తంలో, ఆ గడ్డల్లోని కణాలను పోలినవే కనిపించాయి. వ్యాధి ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి పాకే దారి ఇదే కావచ్చని ఆయన ఊహించాడు. ఊహ సరైనదే. అయితే దాన్ని పరీక్షగా మలచడానికి నూరేళ్ళు దాటింది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలే దాదాపు 500 కోట్లు. వాటి నడుమ క్యాన్సర్ కణం ఒకటో రెండో ఉండవచ్చు, ఒక్కటీ ఉండకపోవచ్చు.

అమెరికా ప్రభుత్వం 2004లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతించిన సెల్‌సెర్చ్ పరీక్ష, కణం పైనుండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని అయస్కాంతంతో లాగుతుంది. రంగుకణాల నుంచి పుట్టే మెలనోమాకు ఆ ప్రోటీన్ ఉండదు కనుక ఆ వలకు చిక్కదు. అంతకుముందే, 1991లో, బ్రిటన్ పరిశోధకులు మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైము తాలూకు ఆర్‌ఎన్‌ఏను రక్తంలో వెదికారు. పద్ధతి తెలివైనదే గాని, ఒక ప్రయోగశాల ఫలితం మరోదానితో కలవలేదు.

అమెరికాలోని ఆర్కన్సాలో వ్లదిమీర్ జరోవ్ బృందం మళ్ళీ నలుపునే నమ్ముకుంది. చర్మం మీదుగా సిరలోకి లేజర్ కాంతి పంపితే మెలనిన్ దాన్ని పీల్చుకుని వేడెక్కి వ్యాకోచిస్తుంది. అప్పుడు పుట్టే సన్నని ధ్వనితరంగాన్ని పరికరం పట్టుకుంటుంది. సూది గుచ్చే పని లేదు. 2019లో ప్రచురించిన అధ్యయనంలో 28 మంది మెలనోమా రోగుల్లో 27 మందికి కణాలు దొరికాయి. తర్వాత ఇదే విధానాన్ని ఆఫ్రికాలోని కామెరూన్‌లో మలేరియా రోగుల మీద పరీక్షించారు. 19వ శతాబ్దపు వైద్యులు ఒకటే అనుకున్న రెండు నలుపులనూ ఒకే పరికరం ఇలా వెదకగలుగుతోంది.

అయినా ఇది ఇంకా పరిశోధన దశ దాటలేదు. మెలనోమా నిర్ధారణ నేటికీ ముక్క తీసి చేసే పరీక్షతోనే. మనవంటి ఛాయవారిలో ఈ జబ్బు అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో గోరు కిందనో మొదలవుతుంది. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే రైతు దాన్ని ముల్లు గుచ్చుకున్న మచ్చ అనుకునే ప్రమాదముంది. అరికాలిలో నల్లమచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, మానకుండా ఉన్నా ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకండి. వెంటనే చర్మవైద్యుడికి చూపించండి.