బ్రిటిష్ ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజన్లపై అభిమానం

బ్రిటిష్ రైల్వేస్ 1968 ఆగస్టులో ప్రధాన మార్గాల్లో ఆవిరి రైళ్లకు స్వస్తి పలికినా, ఎక్స్‌ప్రెస్ ఇంజన్లపై మోజు తగ్గలేదు. దీన్ని గతం మీద బెంగగా కొట్టిపారేయడం తేలికే గాని, సాక్ష్యం అందుకు ఒప్పుకోదు. పెప్పర్‌కార్న్ ఏ1 తరగతి ఇంజన్లు 49 కూడా తుక్కయ్యాక, అభిమానుల విరాళాలతో డార్లింగ్టన్‌లో అదే తరగతిలో కొత్తగా నిర్మించిన ‘టోర్నడో’ 2008లో పట్టాలెక్కింది. బాయిలర్ జర్మనీలోని మైనింగెన్‌లో తయారైంది కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, కానీ అంతరించిపోతున్న పనితనం ఎక్కడ మిగిలి ఉందో వెతికి పట్టుకోవడం కూడా ఈ అభిమానంలో భాగమే. గ్రెస్లీ రూపొందించిన ‘మల్లార్డ్’ ఇంజన్ 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగం అందుకున్నది స్టోక్ వాలులో, అదీ బేరింగ్ వేడెక్కి దెబ్బతినేలా పరుగెత్తి అన్నది మరో విమర్శ. అభిమానులు ఆ సంగతి దాచరు, పైగా ఇష్టంగా చర్చిస్తారు. గ్రెస్లీ రూపకల్పనలోని బలంతోపాటు బలహీనతనూ తెలుసుకోవాలన్న ఈ ఆసక్తి కేవలం బెంగతో పుట్టేది కాదు.